మార్చుకోవడానికి వీల్లేని పాఠం

సంపాదకులు గారికి నమస్కారం.

తరగతి గదుల్లో డిజిటల్ బోర్డుల గురించి మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసం చదివాను. ఎన్ని గదుల్లో తెరలున్నాయి, నెట్ వస్తోందా, కరెంటు నిలకడగా ఉంటోందా అన్నదాని చుట్టూనే చర్చ నడిచింది. అవన్నీ అడగాల్సినవే. కానీ ఆ తెర మీద కనిపించే పాఠం ఎవరి చేతిలో ఉంది అన్న మాట మాత్రం ఎక్కడా రాలేదు. నేను ఇరవై నాలుగేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. పంతొమ్మిదేళ్లు హైస్కూల్లో చెప్పాను, ఆ తర్వాత నుంచి విశ్వవిద్యాలయంలో టీచర్లు కాబోయే వాళ్లకు చెబుతున్నాను. రెండు చోట్లా నాకు ఒకే రకం ఇబ్బంది ఎదురైంది. దాని గురించే ఈ ఉత్తరం.

హైస్కూల్లో ఉన్నప్పటి సంగతి. విద్యుత్తు పాఠం జరుగుతోంది. మా బడికి బోర్డుతో పాటు తయారుగా ఉన్న పాఠాలు కూడా వచ్చాయి. తెరిచాను. తెర మీద బ్యాటరీ, స్విచ్, బల్బు, వోల్ట్‌మీటర్ నాలుగూ ఒకే తీగకు వరసగా కట్టి ఉన్నాయి. స్విచ్ మీద వేలు పెట్టగానే బల్బు దేదీప్యమానంగా వెలిగింది, వోల్ట్‌మీటర్ ముల్లు కూడా కదిలింది. చూడటానికి చక్కగా ఉంది. కానీ తప్పు. వోల్ట్‌మీటర్‌ను బల్బు రెండు కొసలకూ సమాంతరంగా కలపాలి. దాని నిరోధం చాలా ఎక్కువ కాబట్టి, వరసలో పెడితే కరెంటు దాదాపు ఆగిపోతుంది, బల్బు వెలగదు. ముందు రోజే ఇదంతా నల్లబల్ల మీద గీసి చెప్పి ఉన్నాను.

రెండో బెంచీలోని అమ్మాయి లేచి, "టీచర్, నిన్న మీరు వేరేగా గీశారు కదా?" అంది. నేను జవాబు చెప్పేలోపే వెనక నుంచి ఒక అబ్బాయి, "కానీ అందులో వెలిగింది కదా టీచర్!" అన్నాడు. వాడి మాటలో పెడసరం ఏమీ లేదు. కళ్లతో చూసిన దాన్ని నమ్మాడు. సైన్స్ చదివే పిల్లవాడు అలాగే ఉండాలి కూడా.

బొమ్మ సరిచేద్దామని చూశాను. కుదరలేదు. దాని మీద ఎర్ర గీత గీయొచ్చు. గీసినా స్విచ్ నొక్కితే బల్బు మళ్లీ వెలుగుతుంది. తర్వాతి సెక్షన్లో పాఠం తెరిస్తే ఆ గీత కూడా ఉండదు. పాఠం తయారుచేసిన వాళ్లకు రాశాను. గమనించాం, రాబోయే వెర్షన్‌లో చూస్తాం అని మర్యాదగా జవాబిచ్చారు. రెండేళ్ల తర్వాత నేను ఆ బడి వదిలే రోజుకు కూడా ఆ బల్బు అలాగే వెలుగుతోంది.

మర్నాడు ల్యాబ్ నుంచి రెండు టార్చి సెల్స్, హోల్డర్‌లో చిన్న బల్బు, ఒక వోల్ట్‌మీటర్ తెచ్చి బల్ల మీద పెట్టాను. ముందు రోజు మాట్లాడిన అబ్బాయినే పిలిచి, తెర మీద ఎలా ఉందో అచ్చం అలాగే కలపమన్నాను. కలిపాడు. ముల్లు మూడు దగ్గరకు వెళ్లి నిలబడింది. బల్బు వెలగలేదు. మాడిపోయిందేమో అని విప్పి ఇంకో బల్బు పెట్టాడు. అదీ వెలగలేదు. తీగ కొసలు గోటితో గీకి మళ్లీ బిగించాడు. ఉహూ. అప్పుడు ఆ అమ్మాయి వచ్చి వోల్ట్‌మీటర్‌ను వరసలోంచి తీసేసి, బల్బు రెండు కొసలకూ కలిపింది. బల్బు వెలిగింది. ముల్లు ఈసారి మూడుకు కొంచెం కింద ఆగింది. ఎందుకు తగ్గింది అని మొదలుపెట్టి, సెల్ లోపలి నిరోధం గురించి నేను చెప్పాలనుకున్నదంతా పిల్లలే నా చేత అడిగి చెప్పించుకున్నారు. నా ఉద్యోగంలో అంత బాగా జరిగిన పీరియడ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అయినా పరీక్ష పేపర్లు దిద్దుతుంటే కొందరు వోల్ట్‌మీటర్‌ను వరసలోనే గీశారు. పిలిచి అడిగాను. ఆ ప్రయోగం చేసిన రోజు వాళ్లు బడికి రాలేదు. తర్వాత తెర మీది పాఠమే చూసుకుని చదువుకున్నారు.

పుస్తకంలో తప్పుంటే పెన్నుతో కొట్టేసి పక్కన సరైనది రాయిస్తాం. బల్ల మీద తప్పు రాస్తే డస్టర్ ఉంది. కొత్తగా వచ్చిన ఖరీదైన సాధనం దగ్గరకు వచ్చేసరికే టీచర్ చేతులు కట్టుకుని నిలబడాలా? నా బాధ ఇదే. పాఠం ఎవరు తయారుచేసినా, టీచర్ దాన్ని విప్పి, మార్చి, మళ్లీ దాచుకునే వీలుండాలి. దాన్ని చూడటానికే గాని ముట్టుకోవడానికి వీల్లేకుండా తాళం వేసి ఇవ్వకూడదు.

తాళానికి తోడు గడువొకటి. ఒక ఏడాది లైసెన్స్ రెన్యువల్ ఆలస్యమైంది. పాఠాలు తెరుచుకోలేదు. అంతకుముందు మేం వాటికి జతచేసి రాసుకున్న ప్రశ్నలు, వర్క్‌షీట్లు కూడా ఆ ఖాతాలోనే ఇరుక్కుపోయాయి. ఆ ప్రశ్నలు మేం ఆదివారాలు కూర్చుని రాసినవి. చదువులో వాడే సాంకేతిక ఉత్పత్తులు సగటున 36 నెలలకోసారి మారిపోతుంటాయని యునెస్కో 2023లో వెలువరించిన ప్రపంచ విద్యా నివేదిక చెబుతోంది. ఆరో తరగతిలో చేరిన పిల్లవాడు పదో తరగతికి వచ్చేలోపే ఒక తరం సరుకు పోయి ఇంకొకటి వస్తుందన్న మాట. టీచర్ మాత్రం ముప్పై ఏళ్లు పనిచేస్తుంది. ఆ ముప్పై ఏళ్లలో పోగుచేసుకున్నది ఎక్కడ దాచుకోవాలి?

ఈ విషయంలో నా వల్ల జరిగిన పొరపాటు కూడా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేను, ఇంకొక మాస్టారు కలిసి కాంతి పాఠానికి ముప్పైకి పైగా చిన్న చిన్న యానిమేషన్లు ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేశాం. రెండు వేసవి సెలవులు దానికే పోయాయి. కంటి కటకం దగ్గరి వస్తువుకు లావవడం, దూరపు వస్తువుకు పలచబడటం చూపించే బొమ్మకే పది రోజులు పట్టింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు కాలం చెల్లింది. ఆ సంగతి 2017లోనే ప్రకటించారు, మేమే పట్టించుకోలేదు. తీరా చూస్తే నా దగ్గర ఉన్నవి ఆడించే ఫైళ్లే. వాటిని తయారుచేసిన అసలు ఫైళ్లు ఆ మాస్టారి పాత కంప్యూటర్‌తోనే పోయాయి. అసలు ఫైళ్లుంటే కొత్త పద్ధతిలోకి మార్చుకునే దారి ఉండేది. పిండి ఉంటే రొట్టె మళ్లీ చేసుకోవచ్చు. నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో ముప్పై పేర్లు మిగిలాయి, ఒక్కటీ తెరుచుకోదు.

అదే కాలంలో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లకు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలకు కూడా ఇదే గండం వచ్చింది. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన పని అది. వాటిలో చాలా భాగం జావాలో, ఫ్లాష్‌లో చేసినవే. వాళ్ల దగ్గర అసలు సరుకు, దాన్ని చూసుకునే మనుషులు ఉన్నారు కాబట్టి ఒక్కొక్కటిగా మామూలు బ్రౌజర్‌లో నడిచేలా తిరగరాశారు. వాటిని డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. మాటల్ని తమ భాషలోకి మార్చుకునే వీలు కూడా ఉంది. వాటిలో సర్క్యూట్లు కట్టే సిమ్యులేషన్ ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి బ్యాచ్ చేతా వాడిస్తాను. కానీ ముందు టార్చి సెల్స్‌తోనే చేయిస్తాను. ఆ వరస మాత్రం మార్చను.

తెర మీద లెక్కల బొమ్మలు గీసి కదిలించే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్ గురించి లెక్కల టీచర్లకు నేను చెప్పనక్కర్లేదు. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న మార్కస్ హోహెన్‌వార్టర్ తన మాస్టర్స్ పరిశోధనలో భాగంగా మొదలుపెట్టింది. అందులో ఒకరు చేసిన త్రిభుజాన్ని ఇంకొకరు తెరిచి, శీర్షాలు జరిపి, పేర్లు మార్చి, తమ పిల్లలకు తగ్గట్టు చేసుకోవచ్చు. నేను కోరేది అలాంటి పాఠాలే.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన కోర్సుల నోట్సులు, పరీక్షలు అందరికీ తెరిచి పెడతానని 2001 ఏప్రిల్‌లో ప్రకటించింది. మరుసటి ఏడాది పారిస్‌లో యునెస్కో సమావేశంలో ఇలాంటి వాటికి బహిరంగ విద్యా వనరులు అన్న పేరు పెట్టారు. తాము చేసినదాన్ని ఇతరులు ఎలా వాడుకోవచ్చో చేసినవారే ముందుగా చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు అదే ఏడాది డిసెంబరులో వచ్చాయి. 2019 నవంబరులో యునెస్కో సర్వసభ్య సమావేశం దీనిమీద ఒక సిఫార్సునే ఆమోదించింది. పని జరిగే దారి ఇరవై ఏళ్లకు పైగా ఉంది. బడికి పాఠాలు కొనేటప్పుడు, విశ్వవిద్యాలయంలో పాఠాలు రికార్డు చేయించేటప్పుడు దాన్ని ఎవరూ అడగరు, అంతే.

అడిగే ముందు ఒక చిన్న మెలిక తెలుసుకోవాలి. ఉచితం అన్నంత మాత్రాన తాళం లేనట్టు కాదు. క్రియేటివ్ కామన్స్‌లోనే కొన్ని లైసెన్సులు పంచుకోనిస్తాయి గాని మార్చినదాన్ని పంచుకోనివ్వవు. నా వోల్ట్‌మీటర్ బొమ్మ ఆ లైసెన్సుతో వచ్చి ఉంటే, నేను సరిచేసినది పక్క బడి టీచరుకు ఇవ్వడానికి వీలుండేది కాదు. అనువాదం చేసి ఇవ్వడానికీ వీలుండదు. రాసినవారి పేరు చెబితే చాలు, మార్చుకో, పంచుకో అనే లైసెన్సు వేరే ఉంది. దాన్ని అడగాలి. ఇందులో మా తోటి అధ్యాపకులకు ఒక భయం ఉంది. నా పేరు పోతుందేమో, నా కష్టం ఎవరో ఎత్తుకుపోతారేమో అని. పేరు చెప్పి తీరాలన్నదే ఆ లైసెన్సులో మొదటి షరతు. తాళం వేసిన పాఠాల్లో అయితే రాసిన టీచర్ పేరు ఎక్కడుంటుంది? తయారుచేసిన సంస్థ గుర్తు తప్ప ఇంకేమీ కనిపించదు.

ఎవరు పడితే వారు మారిస్తే తప్పులు పెరగవా అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అసలు పాఠం అలాగే ఉండాలి. మార్చిన ప్రతి దాని మీద ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రాసి ఉండాలి. అప్పుడు తప్పు దొర్లినా దొరుకుతుంది, వెనక్కి తీసుకోవచ్చు. ఇప్పుడు తప్పు దొరికినా ఏం చేయలేకపోతున్నాం కదా! పైగా పాఠాన్ని మార్చడం టీచర్లు రోజూ చేసే పనే. ఒక సెక్షన్‌కు చెప్పిన ఉదాహరణ ఇంకో సెక్షన్‌కు ఎక్కదు, అక్కడికక్కడే మారుస్తాం. ఇప్పుడు ఏఐ నిమిషంలో పాఠం రాసి ఇస్తోంది, బొమ్మ కూడా గీసి ఇస్తోంది. అందులో వచ్చే సర్క్యూట్ బొమ్మలు మా విద్యార్థులు తెచ్చి చూపిస్తే చాలాసార్లు తీగ ఎక్కడో గాల్లో ఆగిపోయి ఉంటుంది. విప్పి సరిచేసే అలవాటు, వీలు ఉన్న టీచర్ చేతిలోనే అది పనికొస్తుంది.

ఇక విశ్వవిద్యాలయం సంగతి. ఇది చెప్పకుండా ఉత్తరం ముగించలేను.

మూడేళ్ల కిందట నా క్లాసులో చూపు లేని విద్యార్థి ఒకరు చేరారు. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడతారు. ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు చూపు లేని యువకులు, మైఖేల్ కర్రన్, జేమ్స్ తే, 2006లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తుంది. మొదటి వారం నేను గ్రూపులో నోట్సు పీడీఎఫ్ పెట్టాను. అరవై పేజీలు. మర్నాడు క్లాసయ్యాక ఆయన నా దగ్గరకు వచ్చి, "మేడమ్, మీరు పంపిన దాంట్లో ఏమీ లేదంటోంది" అన్నారు. ఇయర్‌ఫోన్ తీసి నాకూ వినిపించారు. ఒక్కో పేజీకి వెళ్లిన కొద్దీ ఖాళీ, ఖాళీ అంటోంది.

అది స్కాన్ చేసిన నోట్సు. అంటే అరవై ఫొటోలు. మన కంటికి అక్షరాల్లా కనిపిస్తాయి, యంత్రానికి అందులో అక్షరమే లేదు. ఆయన స్నేహితుడు రాత్రిళ్లు కూర్చుని చదివి ఫోన్‌లో రికార్డు చేసి ఇస్తున్నారని తర్వాత తెలిసింది. నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు.

స్కాన్ కాకుండా టైపు చేసిన నోట్సులు కూడా చూశాను. వాటిలో పాత ఫాంట్లతో చేసినవి ఇంకో రకం చిక్కు. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది, వెనక ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. ఒక పేరా కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేసి చూడండి, మీకే తెలుస్తుంది. ఒక్కో అక్షరానికి అన్ని కంప్యూటర్లలోనూ ఒకే సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 1991 నుంచీ చోటుంది. విద్యాసంస్థల్లో ఇంకా ఆ పాత ఫాంట్లతోనే పాఠాలు తయారవుతున్నాయంటే అలవాటు తప్ప వేరే కారణం నాకు కనబడదు.

ఆ సెమిస్టర్ అంతా నా నోట్సు నేనే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేశాను. క్లాసులో మిగతావాళ్లు కూడా తలా నాలుగు పేజీలు పంచుకున్నారు. శీర్షికలను అక్షరం లావు చేసి వదిలేయకుండా, శీర్షికలుగానే గుర్తు పెట్టాలని ఆయనే నేర్పారు. అలా పెడితే ఆయన కీబోర్డు మీద హెచ్ నొక్కుతూ ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకుతారు. మనం పేజీలు తిరగేసినంత వేగంగా. అది పక్కన కూర్చుని చూశాక, పదేళ్లుగా నేను శీర్షికలను ఉత్త అలంకారంగా పెడుతున్నానని అర్థమైంది.

బొమ్మలు అసలు పరీక్ష. పుటాకార దర్పణంలో వస్తువును ఆరు స్థానాల్లో పెట్టి ప్రతిబింబం ఎక్కడ వస్తుందో గీసే ఆరు చిత్రాలు ఉంటాయి. వాటికి మాటల్లో వివరణ రాయాలి. మొదట "వస్తువు వక్రతా కేంద్రం ఆవల ఉన్నప్పటి కిరణ చిత్రం" అని ఒక వాక్యం రాసి ఇచ్చాను. ఆయన విని, "ఇది బొమ్మ పేరు మేడమ్, బొమ్మ కాదు" అన్నారు. మళ్లీ కూర్చున్నాను. అద్దం కుడి చివర ఉంది, దాని గుంట ఎడమ వైపుకు తిరిగి ఉంది. వస్తువు కొస నుంచి రెండు కిరణాలు బయల్దేరాయి. ఒకటి ప్రధానాక్షానికి సమాంతరంగా వెళ్లి అద్దానికి తగిలి, వెనక్కి తిరిగి నాభి గుండా పోయింది. రెండోది ముందే నాభి గుండా వెళ్లి, అద్దానికి తగిలి, సమాంతరంగా వెనక్కి వచ్చింది. రెండూ నాభికీ వక్రతా కేంద్రానికీ మధ్య, అక్షానికి దిగువన కలిశాయి. అక్కడ తలకిందులుగా, వస్తువు కన్నా చిన్నగా ప్రతిబింబం ఏర్పడింది. ఇలా రాస్తుంటే, ఇన్నేళ్లు నేను ఈ బొమ్మను బల్ల మీద ఎంత గబగబా గీసి వదిలేశానో తెలిసింది. ఈ వివరణలు ఇప్పుడు చూపున్న విద్యార్థులే ఎక్కువగా చదువుతున్నారు. పుస్తకం మూసి, విని, గీసుకుంటున్నారు.

చూపు లేనివారి కోసం పుస్తకాలను చదవగలిగే రూపంలోకి మార్చడానికి కాపీరైట్ అడ్డు రాకూడదని 2013లో మొరాకోలోని మర్రకేష్‌లో ఒప్పందం కుదిరింది. దాన్ని అందరికన్నా ముందు, 2014లో, ఆమోదించిన దేశం మనదే. కానీ ఒప్పందం ఉన్నా, తాళం వేసిన ఫైలు, ఫొటోల పీడీఎఫ్ వచ్చి చేతిలో పడితే మార్చే పని మళ్లీ ఏ స్నేహితుడి రాత్రుల మీదో పడుతుంది. పాఠం తయారైన రోజే సరిగ్గా తయారైతే ఆ పని అసలు ఉండదు.

అందుకని బడి యాజమాన్యాలనూ విశ్వవిద్యాలయాలనూ నేను అడిగేది ఒక్కటే. పాఠాలు కొనే ముందు, చేయించే ముందు ఆ సంస్థ మనిషిని ఒక టీచర్ పక్కన కూర్చోబెట్టండి. ఈ బొమ్మలో తీగ ఇటు మార్చి చూపించు అనండి. నెట్ తీసేసి పాఠం తెరవమనండి. ఒక పేరా కాపీ చేసి పేస్ట్ చేయమనండి. స్క్రీన్ రీడర్ ఆన్ చేసి వినండి. గంట కూడా పట్టదు. ఆ గంటలో తేలిన దాన్ని ఒప్పంద పత్రంలో రాయించండి, అసలు ఫైళ్లతో సహా ఇవ్వాలని కూడా.

ఆ విద్యార్థి ఇప్పుడు టీచర్. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నారు. పోయిన వారం ఫోన్ చేసి, మేం చేసిన నోట్సు తన పిల్లలకు తగ్గట్టు మార్చుకుంటున్నానని, కాంతి పాఠంలో ఆరో బొమ్మకు, అంటే వస్తువు నాభికీ దర్పణానికీ మధ్య ఉన్నదానికి, వివరణ లేదని చెప్పారు. వెళ్లి చూశాను, నిజమే. అద్దం వెనక్కి పొడిగించే చుక్కల గీతల దగ్గర ఎలా చెప్పాలో తోచక అప్పట్లో వదిలేశాను. ఇద్దరం మాట్లాడుకుని మొదటి రెండు వాక్యాలు రాశాం. మిగతావి ఈ ఆదివారం.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకురాలు